పెద్ద బల్లి పలికిన ఆదివారం

ఆ రోజుల్లో మా వైపు ఎవరు ఎక్కడ ఏ పని చేసినా ఊళ్లో మాత్రం "ఎయిర్‌పోర్ట్‌ల పనిచేస్తడు" అనే చెప్పుకునేవాళ్లు. శంషాబాద్ దాటాక ఏ గోదాములోనో అట్టపెట్టెలకు టేపు వేస్తున్నా, ఏ హోటల్లోనో దుప్పట్లు మడతపెడుతున్నా, ప్లాట్ల వెంచర్ ముందు గొడుగు కింద కూర్చుని కరపత్రాలు పంచుతున్నా, అందరిదీ ఎయిర్‌పోర్ట్ నౌకరే. నెత్తిమీద నుంచి విమానం పోతే చాలు, ఆ జాగా మొత్తం ఎయిర్‌పోర్ట్ కిందికే లెక్క. ఆ లెక్కన నేనూ ఎయిర్‌పోర్ట్ ఉద్యోగినినే. కందుకూరు దగ్గరి మా ఊళ్లో మా అమ్మ నా గురించి అలాగే చెప్పుకునేది. నేను చేసే పని విడమరిచి చెప్పే ధైర్యం ఆమెకు లేదు (పాపం, చెప్పినా నమ్మేవాళ్లు లేరు). నేను డైనోసార్ల దగ్గర పనిచేసేదాన్ని.

దీనికి మూలం నా డిగ్రీ. కాలేజీలో భూగర్భశాస్త్రం చదివాను. అది విని ఊళ్లో అందరూ సంతోషించారు, ఎందుకంటే ఇక బోరు పాయింట్ చూపించడానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే పెద్దమనిషిని పిలిచే పని లేదనుకున్నారు. సెలవులకు వస్తే చాలు, "జర మా చెల్క దిక్కు రా బిడ్డా, నీళ్లు ఎక్కడున్నయో చెప్పు" అంటూ ఎవరో ఒకరు గడపలో కూర్చునేవాళ్లు. నాకు నీళ్లమీద కంటే ఎముకలమీద మనసు. రాయిగా మారిపోయిన ఎముకలమీద. గోదావరి తీరంలో, మన తెలంగాణ నేలలోనే, కోట్ల ఏళ్లనాటి పొడుగుమెడ డైనోసార్ల ఎముకలు దొరికాయని మొదటిసారి విన్నప్పుడు నాకు రెండు పూటలు అన్నం సహించలేదు. ఇంత పెద్ద చుట్టాలు మన దగ్గరే ఉండి పోతే ఒక్కరూ చెప్పరేంటని కోపం వచ్చింది. ఆ కోపంతోనే, శంషాబాద్ సర్వీస్ రోడ్డు పక్కన తినుబండారాల దుకాణాలను ఆనుకుని కొత్తగా డైనోసార్ పార్కు పెట్టారని తెలియగానే వెళ్లి ఉద్యోగం అడిగాను.

పార్కంటే పెద్దదేమీ కాదు. కొన్ని ఫైబర్ బొమ్మలు, కాసిని ఈత మొక్కలు, రంగువేసిన సిమెంటు గుడ్లు. పిల్లల చుట్టూ తిరుగుతూ ఏ జంతువు ఏం తినేదో, ఎంత పొడవుండేదో చెప్పడం నా పని. మేనేజర్ సారు కోస్తా మనిషి, చాలా మర్యాదస్తుడు. గేటు దగ్గర మాత్రం విదేశీ మాంసాహారినే నిలబెట్టాడు. "మన గోదావరిది పెట్టండి సార్" అని నేను పోరగా పోరగా, "మీది గడ్డి తింటుంది కదమ్మా, జనాలకి భయం ఉండదండీ" అంటూ పొడుగుమెడను తీసుకెళ్లి మరుగుదొడ్ల దగ్గర పెట్టించాడు. కోట్ల ఏళ్ల చరిత్ర ఉన్న ఆ మహాకాయం చివరికి "మరుగుదొడ్డి ఎక్కడ?" అన్నవాళ్లకు ఆనవాలుగా మిగిలింది. ఇక రెక్కలు చాపి వేలాడే బొమ్మ కింద "ఎగిరే డైనోసార్" అని రాయించాడు. అది డైనోసార్ కాదు. అదే కాలంలో ఎగిరిన వేరే సరీసృపం, దాయాదుల లెక్క. ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే, ఒకరోజు నేనే స్కెచ్ పెన్నుతో పక్కన "(కాదు)" అని రాశాను. ఆ బోర్డు ముందు జనం ఫొటోలు దిగడం మొదలుపెట్టాక సారు నన్ను ఏమీ అనలేకపోయాడు.

అసలు నా జబ్బు అదే. ఎదుటివాళ్లు తప్పు చెబితే నా ప్రాణం నిలవదు. దిద్దితే గానీ గొంతులో నీళ్లు దిగవు. ఆ జబ్బు వల్లనే అప్పటికి వచ్చిన సంబంధాలు వచ్చిన దారినే వెనక్కి పోయాయి. ఒక సంబంధంలో అబ్బాయి తండ్రి చాయ్ తాగుతూ, శంషాబాద్ చుట్టూ ఉన్న గుండ్లన్నీ అగ్నిపర్వతం కక్కినవేనన్నాడు. తలవంచుకుని కూర్చోవాల్సిన నేను తలెత్తి, అవి గ్రానైటు రాళ్లని, కక్కినవి కావని, భూమి లోపలే నెమ్మదిగా చల్లారి గట్టిపడ్డాయని చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు సగంలోనే కింద పెట్టాడు. ఇంకొకతను ఆదిమానవులు డైనోసార్ల మీద సవారీ చేసేవాళ్లన్నాడు. ఆ రెంటికీ మధ్య ఎంత కాలం గడిచిందో చూపించడానికి నేను మా వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. నేను తిరిగి వచ్చేసరికి వాళ్లు చెప్పులు వేసుకుంటున్నారు.

అలాంటి సమయంలో అత్తాపూర్ సంబంధం వచ్చింది. అబ్బాయి నిజంగానే ఎయిర్‌పోర్ట్‌లో, సరుకుల విభాగంలో పనిచేస్తాడు. ఫొటోలు మారాయి, ఫోన్ నంబర్లు మారాయి. మొదటిసారి మాట్లాడినప్పుడే, మొహమాటంగా, "అది గాదు గని, ఆ పెద్ద డైనోసార్‌కు చేతులు గంత పొట్టిగ ఎందుకుంటయ్?" అని అడిగాడు. ఇక నాకు పట్టపగ్గాలు లేవు. ఆ చేతుల గురించి ఎవరెవరు ఏమనుకుంటున్నారో, ఎవరికీ ఎందుకు గట్టిగా తెలియదో, అక్కడి నుంచి కాళ్ల సంగతి, కాళ్ల నుంచి గుడ్ల సంగతి చెప్పుకుంటూ పోయి, మధ్యలో ఒక్కసారిగా తెలివి తెచ్చుకుని ఆగిపోయాను. ఫోన్ పెట్టేశాడనే అనుకున్నాను. "ఆగినవేంది? చెప్పు" అన్నాడు. నా జీవితంలో నన్ను ఆగిపొమ్మన్నవాళ్లే కానీ ఆగినవేంది అన్నవాళ్లు అంతవరకూ లేరు. పెళ్లంటూ చేసుకుంటే ఇతన్నే చేసుకోవాలని ఆ పూటే అనేసుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

అయితే వాళ్లింట్లో పెత్తనం వాళ్ల అవ్వది, అంటే అతని నాయనమ్మది. పట్టుచీర కట్టించి చాప మీద కూర్చోబెడితే ఏ పిల్లయినా బుద్ధిమంతురాలే, పిల్లను చూడాలంటే చెప్పకుండా పోయి, పనిలో ఉండగా చూడాలని ఆమె సిద్ధాంతం. మా వైపు చాలా ఇళ్లలో ఈ పద్ధతి ఉంది. ఖాయం చేసుకునే ముందు ఒకరోజు ఊరికే వచ్చినట్టు వస్తారు, ఏమీ అడగనట్టే అడుగుతారు, చూడనట్టే చూసి పోతారు. ఎప్పుడొస్తారో తెలియదు. కబురు విన్న దగ్గర్నుంచి మా అమ్మకు నిద్ర లేదు. "నీకు దండం పెడత బిడ్డా. వాళ్లొచ్చి పోయేదాంక నోరు తెరవకు. సూర్యుడు పడమట పొడుస్తడన్నా ఊ అను. ఈ ఒక్కసారికి ఊ అంటే నీ సొమ్మేం పోతది?" అని పొద్దున బస్సెక్కించేటప్పుడల్లా పాఠం చెప్పేది. నేనూ గట్టిగానే నిర్ణయించుకున్నాను. ఈసారి ఎవరేమన్నా ఊ అనడమే.

ఆ ఆదివారం మా పార్కు భాయ్ సెలవు పెట్టాడు. భాయ్ శంషాబాద్ పాత ఊరి మనిషి, గేటు దగ్గరి మాంసాహారి వేషం వేసుకుని జనం మధ్య తిరగడం ఆయన ఉద్యోగం. మేనకోడలి నికాహ్ ఉంది, రానంటే రానన్నాడు. ఆదివారం వేషం లేకపోతే పిల్లలు గోల పెడతారని సారు మా అందరినీ వరుసగా నిలబెట్టి చూశాడు. "ఆ కొలతకి మీరొక్కరే సరిపోతున్నారమ్మా, ఈ ఒక్కపూట కాస్త సర్దుకోండి" అన్నాడు నాతో. నేను ఒప్పుకోవడానికి కారణం లేకపోలేదు. ఆ వేషంలో ఉన్నవాళ్లు మాట్లాడకూడదని పార్కు నియమం. రోజంతా నోరు మూసుకోవాల్సిన ఉద్యోగం మా అమ్మ కోరి ఇప్పించినట్టుగా ఉందనిపించింది. భాయ్ పొద్దున్నే షేర్వానీలో వచ్చి నాకు జిప్పు పెట్టి మరీ వెళ్లాడు. "ఫికర్ చెయ్యకు బేటీ. తోకను సంభాళించుకో చాలు. తిరిగేటప్పుడు జర వెనక చూసుకో. పిల్లలు దగ్గరికొస్తే ఎడమ చేతిల బటన్ నొక్కు, అది గర్జిస్తది" అన్నాడు. ఆయన వెళ్లాక నొక్కి చూస్తే గర్జన రాలేదు. బ్యాటరీ అయిపోవచ్చింది. "టుక్ టుక్ టుక్" అని నాలుక చప్పరించినట్టు సన్నగా మోగింది. సారుకు చెబుదామంటే, నేను మాట్లాడకూడదు కదా.

లోపల ఎంత ఉక్కో చెప్పలేను. స్పాంజి, రబ్బరు, దానికి తోడు తిరగని చిన్న ఫ్యాను. డైనోసార్ గొంతు దగ్గర చిన్న నల్లజాలీ ఉంటుంది, లోపలివాళ్లకు లోకం అంతా అందులోంచే. ఎండ పైకొచ్చేవేళకు ఆ జాలీలోంచి ముగ్గురు కనిపించారు. ముందు ఒక ముసలమ్మ, ముక్కుకు రెండువైపులా పుడకలు, చేతిలో కర్ర. వెనకాల చేతిసంచీతో ఒకావిడ. వాళ్ల వెనక, ఫొటోలో కంటే కొంచెం నల్లగా, కొంచెం బాగా, అతను. అతను టికెట్ల కిటికీ దగ్గరికి పోయి అడిగి వచ్చాడు. "ఇక్కడనే ఉన్నదంట అవ్వా. లోపల ఉన్నదంటున్నరు. ఏ లోపలనో తెలుస్తలేదు" అన్నాడు. "అయితే గీడ కూసుందాం. వస్తది గద" అంటూ అవ్వ సరిగ్గా నా తోక పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చుంది. మోకాళ్లు పట్టుకుని నిట్టూర్చి, దూరంగా మరుగుదొడ్ల వైపు చూసి, "అగో, ఆ ఒంటెకు ఎంత మెడనో చూడుర్రి" అంది. ఒంటె అట. నాకు తెలియకుండానే నా తల అడ్డంగా ఊగింది, దాంతోపాటు డైనోసార్ తల కూడా. అతను ఒకసారి నావైపు చూశాడు. నేను బిగుసుకుపోయాను.

చేతిసంచీ ఆవిడ, అంటే నాకు కాబోయే అత్తమ్మ (అప్పటికి కాబోతుందో లేదో దేవుడికే తెలియాలి), కొంగుతో విసురుకుంటూ గొంతు తగ్గించి తన అత్త అయిన అవ్వతో మాట్లాడింది. "నాకైతే మనసొప్పుతలేదు అత్తమ్మా. పిల్ల మాట మాటకు తప్పులు పడుతదంట. రేపు నేను పప్పుల ఉప్పేసినా, ఎందుకేసినవని అడుగుతది." అవ్వ తేలిగ్గా, "అడగనీ. ఇన్నేండ్ల సంది నేను అడుగుతలేనా?" అంది. "అందుకే అంటున్న. ఇంట్ల ఒకరు చాలు" అంది అత్తమ్మ. ఈ సంబంధమూ పోయింది, ఇక అమ్మకు మొహం ఎలా చూపించాలి అనుకుంటుండగా అవ్వ కర్ర నేలమీద ఆనించి, "నా మనసుల మాట చెప్తున్న, విను. ఈ పిల్లనే మనింట్ల దీపం పెడ్తది" అంది. సంతోషం పట్టలేక నా పిడికిలి బిగుసుకుంది. పిడికిట్లో బటన్ ఉందన్న సంగతి మరిచిపోయాను. "టుక్ టుక్ టుక్" అంది డైనోసార్.

అవ్వ ఠక్కున చిటికె వేసింది. "సత్తెం. చూసినవా, బల్లి పలికింది" అంది. మాట అంటుండగా గోడమీది బల్లి పలికితే ఆ మాట జరిగి తీరుతుందని మన ఇళ్లలో చిటికె వేయడం అందరికీ తెలిసిందే. అత్తమ్మ అయోమయంగా నన్ను కిందినుంచి పైదాకా చూసి, "గిది బల్లి ఎట్లయితది అత్తమ్మా? బొమ్మ గాదా?" అంది. "బొమ్మైతేంది? తోక లేదా? ఆ మూతి బల్లి మూతి గాదా? చిన్న బల్లి పలికితేనే అవుతదంటరు. గింత పెద్దది పలికినంక ఇగ తిరుగున్నదా?" అంది అవ్వ. అత్తమ్మ విసురుకోవడం ఆపింది. ఆమెకు బల్లి పలుకంటే ఎంత గురో నాకు తర్వాత తెలిసింది. కాసేపు నా మూతినే చూసి, "పలికిన మాటైతే నిజమే. అయితే ఇగ ఖాయం చేద్దాం" అంది నెమ్మదిగా.

చూడండి, నా పెళ్లి కుదిరిపోయింది. నేను చేయాల్సిందల్లా రబ్బరు లోపల నోరు మూసుకుని నిలబడటం. కానీ అవ్వ అక్కడితో ఆగదు కదా. నా తోకను ప్రేమగా నిమురుతూ, "మన గోడల మీద పాకే బల్లికి ఇది ముత్తాత. దీని పిల్లలే చిన్నగయ్యి చిన్నగయ్యి మన ఇండ్లల్లకొచ్చినయ్" అంది. నేను నాలుక కరుచుకున్నాను. ఊ అను, ఊ అను, అని అమ్మ గొంతు చెవిలో వినిపిస్తూనే ఉంది. బహుశా తట్టుకునేదాన్నే. ఇంతలో అవ్వ మనవడి వైపు తిరిగి, "ఏంరా, నిజమేనా?" అని అడిగింది. అతను, అంత సేపు ఫోనులో కాళ్ల సంగతి నాచేత చెప్పించుకున్న మనిషి, "ఆగినవేంది" అన్న మనిషి, నేనున్న జాలీలోకే చూస్తూ, "నిజమే అవ్వా. బల్లి ముత్తాతనే" అన్నాడు.

"కాదు" అంది డైనోసార్.

అవ్వ కర్ర జారిపోయింది. అటుపక్క ఐస్‌క్రీమ్ తింటున్న పాప ఒకతి ఏడుపు లంకించుకుంది. నేను మాత్రం ఆగలేదు. "బల్లి కాళ్లు పక్కలకు పోతయ్ అవ్వా, పాకుతది. దీని కాళ్లు కిందికి నిట్టనిలువున ఉంటయ్, నడుస్తది. గిది బల్లి గాదు, బల్లి ముత్తాత గాదు. దీనికి మొసలి దూరపు చుట్టం, కోడి సొంత చుట్టం. కోడి దీని వంశమే. ఆ పొడుగుమెడది ఒంటె గాదు, మన గోదావరిది" అన్నాను ఒక్క ఊపిరిలో. అంత పొడుగు మాట్లాడాక కానీ ఏం చేశానో తెలియలేదు. మేనేజర్ సారు కూల్‌డ్రింకుల ట్రే పట్టుకుని అక్కడే ఆగిపోయి, "అమ్మాయ్, డైనోసార్ మాట్లాడకూడదండీ" అంటున్నాడు దీనంగా. అత్తమ్మ లేచి నిలబడింది. జాలీ దగ్గరికి వచ్చి లోపలికి చూస్తూ, తూచి తూచి అడిగింది. "గిది బల్లి కాదంటివి. మరి ఇందాక పలికింది లెక్కకు రాదా?"

ఇప్పుడు తలుచుకున్నా నాకు చెమట పడుతుంది. కొంచెం బల్లిలాంటిదే అనొచ్చు. పెద్దవాళ్లకు తెలిసినంత నాకేం తెలుసు అనొచ్చు. అతను ఒక అడుగు దూరంలో ఉన్నాడు. నాకు అతను కావాలి. ఆ సంగతి నాకు అంత గట్టిగా తెలిసిన క్షణం ఇంకొకటి లేదు. "రాదు అత్తమ్మా" అన్నాను ఏడుపు గొంతుతో. "అది పలుకుడు గాదు. బ్యాటరీ అయిపోయింది."

విమానం ఒకటి దిగుతూ మా మీదుగా పోయింది, అది పోయాక అత్తమ్మ నా వెనక్కి వచ్చి జిప్పు కోసం వెతికింది. లోపలినుంచి తీసుకోవడం రాదు, ఎవరో ఒకరు తీయాల్సిందే. ఆమె జిప్పు లాగి, డైనోసార్ తలను పక్కకు వంచేసరికి, జుట్టంతా మొహానికి అంటుకుని, పాత కాటన్ చుడీదార్‌లో తడిసి ముద్దయిన నేను నడుము దాకా బయటపడ్డాను. పట్టుచీర లేదు, పూలు లేవు. ఆమె చాలాసేపు చూసి, కొంగుతో నా మొహం తుడిచింది. "పొద్దుగాల సంది గింత ఉక్కల ఉన్నవా బిడ్డా?" అంది. ఆ మాటకు నిజంగానే ఏడుపొచ్చింది. తర్వాత ఆమె అవ్వవైపు తిరిగి చెప్పింది. "తనకు మంచి జరుగుతున్నదని తెలిసి గూడ, తప్పును తప్పనే అన్నది. ఈ పిల్ల నాకెన్నడు అబద్ధం చెప్పదు అత్తమ్మా. పప్పుల ఉప్పెక్కువైతే ఎక్కువైందనే చెప్తది, ఇంకేం గావాలె." అవ్వ మాత్రం తన పట్టు తనది. "కోడి చుట్టమే అన్నది గద. కోడి కూసిందనుకో. కూసినంక తెల్లారకుండ ఉంటదా?" అంది. నేను పొంగిపోయి, వాళ్లిద్దరి కాళ్లకు దండం పెడదామని గిరుక్కున తిరిగి వంగాను. భాయ్ చెప్పిన ముక్క అప్పుడు గుర్తుకు రాలేదు. తోక వెళ్లి సారు చేతిలోని ట్రేను తాకింది. మా నిశ్చితార్థంలో మొదట తడిసింది మా మేనేజర్ సారే.

ఆ సాయంత్రం అతనికి ఫోను చేసి కడిగిపారేశాను. అంత చెప్పినా బల్లి ముత్తాత అంటావా అని. నవ్వాడు. "నువ్వు అండ్ల ఉన్నవని అవ్వ ఒంటె అన్నప్పుడే తెలిసింది. ఏ డైనోసార్ గట్ల తల ఊపుతది? నువ్వు మాట్లాడకుంటనే లగ్గం ఖాయమైతున్నది. గది నాకు నచ్చలే. మాట్లాడినంకనే కావాలనుకున్న" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక, ఫోను పట్టుకుని ఊరికే కూర్చున్నాను. అటునుంచి మళ్లీ అదే మాట. "ఆగినవేంది?"

ఆ పార్కు ఇప్పుడు లేదు. ఆ జాగాలో పెద్ద హోటల్ కట్టారు, అటు పోయినప్పుడల్లా మా పొడుగుమెడ ఎక్కడ ఉండేదో వేలు పెట్టి చూపిస్తాను, ఎవరూ చూడరు. అవ్వ కూడా లేదు. ఉన్నన్నాళ్లూ ఇంటికి ఎవరొచ్చినా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మా మనుమని లగ్గం రాకాసిబల్లి పలికి కుదిరింది" అని మొదలుపెట్టేది. బల్లి కాదని, పలుకు కాదని, బ్యాటరీ అని, నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ ఒక్క తప్పును నేను ఏనాడూ దిద్దలేదు. అత్తమ్మ నావైపు చూసి నవ్వేది, నేను ఊ అనేదాన్ని. మొన్న రాత్రి అన్నాలప్పుడు, వచ్చే ఏడు మా అమ్మాయిని గోదావరి వైపు, ఆ ఎముకలు దొరికిన చోటికి తీసుకెళ్తానని అంటున్నాను. ట్యూబ్‌లైట్ వెనక బల్లి పలికింది. "దానికేం తెలుసమ్మా, అది ఉట్టి బల్లి" అంది మా అమ్మాయి, అచ్చం నా గొంతుతో. దాని మాటలో తప్పేమీ లేదు. నేనే, కంచం ముందు కూర్చుని, ఎంగిలి కాని ఎడమ చేత్తో, ఎవరికీ వినపడకుండా ఒక చిటికె వేసుకున్నాను.